తలల లెక్కయు దారి హక్కును

గ్రామమునకు దారి వేయుటకు ముందు అందెందఱున్నారని యడుగుట ప్రభుత్వములకు అలవాటైనది. లెక్క యడుగుట తప్పుగాదు. లెక్క చాలలేదని దారి నిరాకరించుటయే తప్పు. ఖమ్మము మైదానమును భద్రాచల మన్యమును కలియు జూలూరుపాడు ప్రాంతమును బట్టి యీ విషయమును విచారింతము.

జూలూరుపాడు తల్లాడనుండి ఏన్కూరు మీదుగా కొత్తగూడెమునకు బోవు పెద్ద రస్తాపై నున్నది. రస్తా ప్రక్క నున్నవారికి బస్సు గలదు. కాని యీ సీమయంతయు రస్తా ప్రక్కనే లేదు. తండాలును, కోయగూడెములును అడవి యంచున చెదరి యున్నవి. 2016 అక్టోబరు 11న జిల్లాలను విభజించినపుడు ఈ మండలము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో జేరెను. శాసనసభకు మాత్రము వైరా నియోజకవర్గమున వోటు వేయుచున్నది. అర్జీ యొకదిక్కు, వోటొకదిక్కు!

2000 సంవత్సరమున ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానమున 500 మంది, గిరిజన ప్రాంతమున 250 మంది యున్న ఆవాసములకే దారి యనెను. 2024లో ఆమోదింపబడిన నాలుగవ దశ తీవ్రవాద పీడిత జిల్లాలలో 100 మంది చాలునన్నది. మంచిదే. కాని నూర్గురికి దారియు, తొంబదితొమ్మండ్రకు అడవియునా? ప్రసవవేదన పడు స్త్రీని డోలీపై మోయువారు ముందుగా ఊరి జనమును లెక్కించుకొనవలెనా?

ఆ లెక్కయైనను నేటిదా? నాలుగవ దశకు ప్రమాణము 2011 నాటి జనాభా. యుద్ధకాలమున 1941లో సైతము ఆగని జనగణన 2021లో జరుగనే లేదు. రాబోవు లెక్కకు 2027 మార్చి 1వ తేదిని ప్రమాణముగా నిర్ణయించిరి. 2011లో పుట్టిన శిశువు పెద్దబడికి నడచి పోవు వయసు వచ్చినను, వాని దారి వాడు పుట్టిననాటి లెక్కపైననే నిలిచియున్నది. ఛత్తీస్‌గఢ్‌నుండి వచ్చి ఈ జిల్లా యడవులలో దలదాచుకొన్న గుత్తికోయల గూడెములు పలుచోట్ల రెవెన్యూ గ్రామములుగనే గుర్తింపబడలేదు. గ్రామమే కాని చోట తలల నెవరు లెక్కింతురు?

బొగ్గుకు మాత్ర మిట్టి నిబంధన లేదు. 1889లో ఇల్లెందున సింగరేణి బొగ్గు త్రవ్వుట మొదలైనది. బొగ్గున్న చోటికి పట్టాలు పోయినవి. ఆ త్రోవలో కొత్తగూడెము స్టేషనునకు 'భద్రాచలము రోడ్' అని పేరు పెట్టిరి. రాముని గుడి అచ్చటికి సుమారు 40 కిలోమీటర్ల దూరమున, గోదావరి కావలిగట్టున నున్నది! బొగ్గుగనికి జనాభా యెంతని నాడెవ్వరును అడుగలేదు.

ధనము పరిమితము, జనమెక్కువ యున్న చోట ముందు వేయుట న్యాయమందురా? వరుసకు లెక్క నుపయోగింపుడు, వెలివేతకు గాదు. అటవీ చట్టము అడ్డమందురా? 2006 అటవీ హక్కుల చట్టము, సెక్షన్ 3(2), గ్రామసభ సిఫారసుపై హెక్టారుకు లోబడిన అటవీ భూమిని దారికై యీయవచ్చునని చెప్పుచున్నది. హెక్టారుకు 75 చెట్లకు మించి నరుకరాదని హద్దును విధించినది. అడ్డము చట్టములో లేదు, దానిని తెఱచి చదువనివారిలో నున్నది.

2023 డిసెంబరు 9 నుండి తెలంగాణమున స్త్రీలకు బస్సు ప్రయాణ ముచితము. మేము హర్షించితిమి. కాని బస్సే రాని గూడెమున ఉచిత మన్న మాటకు అర్థమేమి?

కావున మేము కోరునది స్పష్టము. ఆవాసమని తేలిన ప్రతిచోటికి, జనమెంతయైనను, వానకాలమున సైతము నడచు దారి యుండవలయును. గుర్తింపులేని గూడెములను రానున్న జనగణనలో విడువరాదు. ప్రతి గ్రామసభయు సెక్షన్ 3(2) క్రింద తీర్మానము చేసి పంపవలయును. పట్టణములలోని చదువుకొన్నవారు ఆ తీర్మానములను వ్రాసిపెట్టుటకైనను గూడెములకు పోవలయును. పోవుటకు దారి లేదందురా? అదియే మా వాదము.