అద్దంలోకి కాదు, కంచంలోకి చూద్దాం

ముఖానికి ఏం పూసుకోవాలో చెప్పేవాళ్లకు మనకేం కొదవలేదు. శెనగపిండిలో పెరుగు కలిపి పట్టించమని ఒకరు, బొప్పాయి గుజ్జు రాయమని ఒకరు, టమోటా ముక్కతో రుద్దమని మరొకరు. పాలమీగడ, తేనె, కోడిగుడ్డు తెల్లసొన, కీరదోస చక్రాలు... ఆ సరుకులన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి చూడండి. అది అలంకరణ సామాను పట్టీలా ఉందా, మంచి భోజనం పట్టీలా ఉందా? తింటే ఒంటికి పట్టే వస్తువులన్నీ మూతికి పూసి, ఇరవై నిమిషాలాగి కడిగి కాలవలో కలిపేస్తున్నాం. ఆ పూసుకున్నావిడని ఆ పూట ఏం తిన్నావమ్మా అని అడిగితే మాత్రం, "ఏముంది, రాత్రి మిగిలిన అన్నంలో ఇంత ఊరగాయ" అంటుంది. ఇదీ మన సౌందర్య పోషణ!

అందంగా కనబడాలనుకోవడం తప్పని నేననను. నలభైకి దగ్గరపడుతున్నదాన్ని, కంటి కింద నలుపూ, చెంపల దగ్గర తెల్లవెంట్రుకా నాకూ కనబడుతూనే ఉన్నాయి. పెళ్లికెళితే "ఏమే, ఇంత పెద్దదానివైపోయావ్!" అనిపించుకోవడం ఎవరికిష్టం? నా తగువు అందంతో కాదు, దాన్ని మనం వెతుక్కుంటున్న చోటుతో. చర్మం పైన కప్పుకున్న చీరలాంటిది కాదు, ముడతపడితే ఇస్త్రీ చేసుకోవడానికి. గుండె, కాలేయం లాగే అదీ ఒక అవయవం. దాని పైపొర నెలా నెలన్నరకోసారి కొత్తగా తయారవుతూనే ఉంటుంది. ఆ తయారీకి కావలసిన సరుకు నెత్తురు మోసుకొచ్చి ఇవ్వాలి. నెత్తురుకి మన కంచం ఇవ్వాలి. కంచంలో లేనిది చెంప మీదికి ఎక్కణ్నించి వస్తుంది?

ఇది నేను కూర్చుని అల్లిన మాట కాదు. మన నేల మీదే తేలిన సంగతి. ఒకప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో జొన్నే ఆధారంగా బతికే పేదవాళ్లలో పెల్లాగ్రా అనే జబ్బు కనబడేది. ఎండ తగిలేచోటల్లా, అంటే మెడ, ముంజేతులు, పాదాల మీద చర్మం కమిలి, నల్లబడి, పొలుసులు లేచేది. మెడచుట్టూ ఆ మచ్చ కంటె పెట్టినట్టుండేదట. 1918లో కూనూరులో చిన్న గదిలో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పరిశోధనశాలే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అక్కడి డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతయ్య దీని వెనకున్న కారణం వెతికారు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే పదార్థం, నియాసిన్ అనే బి విటమిన్‌ని ఒంటికి సరిగా అందనివ్వడం లేదని 1960లో వాదించారు. జొన్న చెడ్డదని కాదండీ. పక్కన పప్పూ, పాలూ, ఆకుకూరా లేకుండా జొన్న ఒక్కటే తినడం చెడ్డది. ఆ మెడ మీది మచ్చని ఏ లేపనమూ చెరపలేదు. లోటుపడ్డ విటమినూ, నాలుగు రకాల తిండీ కడుపులో పడితేనే అది మానింది.

సరే, అది జబ్బు. మామూలు నిగారింపు మాటేమిటి? చర్మం బిగువుగా ఉండేది కొల్లాజెన్ అనే మాంసకృత్తు వల్ల. దాన్ని గట్టిగా అల్లాలంటే విటమిన్ సి తప్పనిసరి. పూర్వం నెలల తరబడి ఓడల్లో తిరిగే నావికులకు చిగుళ్లు కారి, మానిన పాత గాయాలు మళ్లీ తెరుచుకునేవి. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు నారింజలూ నిమ్మకాయలూ ఇచ్చి చూస్తే రోగులు లేచి తిరిగారు. ఇక 2007లో అమెరికాలో 40 నుంచి 74 ఏళ్ల మధ్య ఆడవాళ్లు నాలుగువేల మందికి పైగా ఏం తింటున్నారో, వాళ్ల చర్మం ఎలా ఉందో పోల్చి చూశారు. తిండిలో విటమిన్ సి ఎక్కువున్నవాళ్లలో ముడతలూ పొడిబారడమూ తక్కువ. నూనెగింజల్లో ఉండే లినోలిక్ ఆమ్లం బాగా తీసుకునేవాళ్లలోనూ పొడిబారడం తక్కువే. పిండిపదార్థం అతిగా తినేవాళ్లలో ముడతలు ఎక్కువ. అదే ఏడాది ఆస్ట్రేలియాలో మొటిమలున్న కుర్రాళ్లకి పన్నెండు వారాలు చక్కెర, మైదా లాంటివి తగ్గించి, మాంసకృత్తులు పెంచి పెట్టారు. మొటిమలు తగ్గాయి. మన అమ్మాయిలకి మొటిమొస్తే ముందు మనం పరిగెత్తేది క్రీముల కొట్టుకి! చేతిలోని కూల్‌డ్రింకు సీసా మాత్రం అలాగే ఉంటుంది.

అయితే ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. తిండి ఒంటి రంగు మార్చదు. రంగు అమ్మానాన్నలిచ్చింది. పైగా ఆ నలుపే ఎండ దెబ్బకి గొడుగు పడుతుంది. వయసు ఆగదు. ముఖాన్ని ముసలి చేయడంలో ఎండదీ, పొగదీ పెద్ద చెయ్యి. పొగంటే సిగరెట్టు పొగే కాదు, కట్టెలపొయ్యి పొగ కూడా. ఎండలో వెళ్లేటప్పుడు కొంగు కప్పుకోవడమో, గొడుగు వేసుకోవడమో మరువకూడదు. తిండి చేసేదల్లా ఆ వయసుకి ఉండవలసిన ఆరోగ్యాన్ని చర్మానికివ్వడం. అంతకంటే ఎక్కువ వాగ్దానం చేసేవాళ్లెవరైనా సరే, వాళ్లు అమ్ముకోవడానికొచ్చినవాళ్లని గుర్తుంచుకోండి. ఇప్పుడు కొల్లాజెన్ పొడి అని కొత్తగా డబ్బాలొచ్చాయి. పాలల్లో కలుపుకు తాగితే పదేళ్లు వెనక్కెళ్తామట! దాన్ని మెచ్చుకునే పరిశోధనల్లో చాలావాటికి డబ్బిచ్చింది అమ్ముకునే కంపెనీలే. ఆ డబ్బా ఖరీదు పెడితే ఇంట్లో పప్పులూ, గుడ్లూ ఎన్ని రోజులొస్తాయో లెక్కేసుకోండి.

తెల్లబడే క్రీముల సంగతి ఇంకా ఘోరం. పక్కింటావిడ చెప్పిందని మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్లుంటాయి. పది రోజులు ముఖం మెరుస్తుంది. ఆపైన చర్మం పల్చబడి, ఎర్రబడి, మూతి మీద వెంట్రుకలు మొలుస్తాయి. 2018లోనే కేంద్రప్రభుత్వం ఇలాంటి 14 స్టెరాయిడ్ లేపనాలు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో పాదరసం కలిసిన క్రీములు వాడినవాళ్లకి మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి డాక్టర్లే బయటపెట్టారు. 1975 నుంచి అమ్ముతున్న ఫెయిర్ అండ్ లవ్‌లీ క్రీము పేరులోంచి కంపెనీ 2020లో 'ఫెయిర్' తీసేసింది. పేరైతే మారింది. మన మనసు మారిందా?

మారలేదనడానికి మా సత్యవేడులోనే కావలసినంత సాక్ష్యముంది. పెళ్లిచూపులకొచ్చినవాళ్లు "పిల్ల తెల్లగా, సన్నగా ఉండాది" అని మెచ్చుకుంటూ ఉంటారు. అలా మెప్పు పొందిన పిల్లల్లో కొందరి కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల ఎర్రదనమే ఉండదు. గోళ్లు పాలిపోయి, పెదవుల మూలలు పగిలి, దువ్వెన నిండా జుట్టు. మెట్లెక్కితే ఆయాసం. అది తెలుపు కాదమ్మా, నెత్తురు లేకపోవడం! 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. అంటే పదిమంది కూర్చున్న పేరంటంలో ఆరుగురికి. జబ్బుని అందమనుకుని మురిసిపోతుంటే ఇంక వైద్యం ఎవరికి జరుగుతుంది?

మా ఊరి దగ్గర శ్రీసిటీ వచ్చాక చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు వందల మంది కంపెనీ బస్సులెక్కుతున్నారు. సొంత సంపాదనతో తలెత్తుకు తిరుగుతున్నారు. చూస్తే నాకెంత సంతోషమో! కానీ తెల్లవారుజాము షిఫ్టుకి వెళ్లే పిల్లని "ఏదన్నా తినేసి పోరాదూ" అంటే, "టయిం లేదక్కా, బస్సొచ్చేస్తాది" అంటుంది. ఒక టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం దాకా అంతే. అదే పిల్ల జీతం రాగానే ఊత్తుకోటకో, మద్రాసుకో పోయి క్రీములకి ఎంత ఖర్చుపెడుతుందో నాకు తెలుసు. ఆ పిల్లని తప్పుపట్టను. అంత పొద్దున లేచి దానికి రెండు ఇడ్లీలో, ఇంత రాగిజావో చేసిపెట్టాలని ఇంట్లో ఎవరికీ తోచకపోవడమే నా బాధ. కొడుకు షిఫ్టుకెళ్తుంటే తోచదూ?

పనిచేసే ఆడవాళ్ల నెత్తురు గురించి ఎప్పుడో ఒక పెద్ద కథ నడిచింది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చి, అక్కడి గర్భిణీల్లో, ముఖ్యంగా బట్టలమిల్లుల కార్మిక స్త్రీలలో, ప్రాణం తీసే రక్తహీనత ఎందుకొస్తోందో వెతికింది. వాళ్లు తినే తిండిని పరిశీలించింది. ఈస్టు సారం ఇస్తే వాళ్లు తేరుకోవడం చూసి, 1931లో ప్రకటించింది. అందులో ఉన్నది తర్వాత ఫోలిక్ ఆమ్లమని తేలింది. దాన్ని అమెరికాలో కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపించింది ఎవరనుకున్నారు? 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు! ఈనాడు గర్భిణులకిచ్చే ఐరన్ మాత్రలో కలిసి ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. అంతమంది కష్టపడి మన చేతిలో పెట్టిన మాత్రని, "బిడ్డ నల్లగా పుడతాడంట" అని పెరట్లోకి విసిరేసే అత్తలూ, కోడళ్లూ ఇంకా ఉన్నారు. ఐరన్ మాత్రకీ బిడ్డ రంగుకీ ఏ సంబంధమూ లేదు. బిడ్డ ప్రాణానికీ, తల్లి ప్రాణానికీ ఉంది.

నలుపంటే భయం తిండిదాకా పాకింది. మా వైపు సంగటి తిన్న ఇళ్లే అన్నీ. రాగి నల్లగా ఉందని, నామోషీ అని, తెల్లన్నానికి మారిపోయాం. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు. అంతే పాలిష్ బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. 2023 మార్చిలో మన రాష్ట్రం ప్రభుత్వ బడుల్లో పిల్లలకి రాగిజావ పొయ్యడం మొదలుపెట్టింది. మన వంటింట్లోంచి మనమే వెళ్లగొట్టినదాన్ని బడి పిలిచి పీట వేసిందన్నమాట. చెనిక్కాయల్లో బరువుకి దాదాపు నాలుగోవంతు మాంసకృత్తులే. ఊరిబిండి నూరుకుంటే అంతకంటే ఏం కావాలి? పితికిపప్పు, అలసందలు, పెరట్లో మునగాకు, కాలంలో ఉసిరికాయ, జామపండు. జామలో విటమిన్ సి కమలాపండు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆకుకూర పప్పు మీద నిమ్మచెక్క పిండుకుంటే అందులోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్నవెంటనే టీ తాగితే ఆ ఐరన్ వృథా. ఓ గంట ఆగండి. తిండిలో గింజధాన్యాల వాటా సగానికి లోపే ఉండాలనీ, రోజుకి 400 గ్రాముల కూరగాయలు తినాలనీ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. మన కంచంలో ముప్పాతిక అన్నమే, చారునీళ్లతో!

ఇంతకీ ఇవన్నీ ఎవరికి తెలియవు? అన్నీ తెలుసు. వండేది మనమే, ఎవరికేం మంచిదో ఎంచి వడ్డించేదీ మనమే. పిల్లాడికి గుడ్డు, ఆయనకి కూర, మామగారికి పాలు. మన వంతొచ్చేసరికి గిన్నె అడుగు. "పారేస్తే పాపం" అని మిగిలిందాన్ని మన కడుపులో వేస్తాం. వారానికి రెండు ఒక్కపొద్దులు దానికి తోడు. దాన్ని త్యాగమని పొగుడుతారు. పొగిడించుకుని మనమూ పొంగిపోతాం. పొగడ్తకి నెత్తురు పట్టదు. అంతకంటే నష్టం ఏమిటంటే, మన కూతురు అది చూసి నేర్చుకుంటుంది. తన వంతు కూడా తమ్ముడి కంచంలోకి తోసేసి, అద్దం ముందు నించుని క్రీము రాసుకుంటుంది.

ఇల్లాలు ఆఖరున తినే ఇంట్లో ఎన్ని పూతలు పూసినా పైన పటారమే, లోన లొటారమే. కాబట్టి నేను చెప్పే సౌందర్య చిట్కా ఒక్కటే. దీనికి పైసా ఖర్చు లేదు, కొంచెం ధైర్యం మాత్రం కావాలి. కూర దించగానే ఎవరికీ వడ్డించకముందే మన వంతు ఒక గిన్నెలోకి తీసి పెట్టుకుందాం. గుడ్డు ఒక్కటే ఉంటే సగం చేద్దాం, కొడుక్కి సగం, కూతురికి సగం. అందరం ఒకేసారి కూర్చుని తిందాం, కావలసినవాళ్లు లేచి వడ్డించుకుంటారు. మొదట్లో ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. నాలుగు రోజులకి అలవాటైపోతుంది. ఏడాదికోసారైనా ప్రభుత్వాసుపత్రిలో నెత్తురు పరీక్ష చేయించుకుందాం. ఆ చీటీ మీద అంకె పన్నెండు దాటిన రోజున, ముఖానికి ఏమీ పూసుకోకుండానే పేరంటానికెళదాం. అప్పుడెవరైనా "ఏం వాడుతున్నావే?" అని అడిగితే, కడుపునిండా తింటున్నానని చెబుదాం.