పసుపుకు తొమ్మిది నెలలు ఆగుతాం, మనిషికి ఆగలేమా?

పసుపు నాటిన రెండు నెలలకే మడి తవ్వి దుంప ఊరిందా లేదా అని చూసేవాడు మన జిల్లాలో ఎవడూ ఉండడు. మృగశిరలో నాటితే సంక్రాంతి దాటాకే తవ్వకం. మధ్యలో ఆకు ఎంత పచ్చగా కళకళలాడినా దుంపకు ఇంకా టైముందని చిన్నపిల్లవాడికీ తెలుసు. చెరకు సరేసరి, ఏడాది పంట. ఇంత ఓపిక ఉన్న మనం, ఇంట్లో మనిషికి డిప్రెషన్ జబ్బు వస్తే మాత్రం పట్టుమని పది రోజులు ఆగలేకపోతున్నాం. 'పది రోజుల సంది గోలీలు మింగుతుండు, ఏం ఫాయిదా లేదు' అని ఒక ఇంట్లో అంటారు. 'మంచిగైండు గదా, ఇంక గోలీలెందుకు' అని ఇంకో ఇంట్లో. రెండిళ్లలోనూ జరిగేది ఒకటే, మందు మధ్యలో ఆగిపోతుంది.

ముందు ఒక సంగతి. దిగులు వేరు, ఈ జబ్బు వేరు. పంట పోతే, అయినవాళ్లు పోతే ఎవరికైనా దిగులు తప్పదు. కానీ రెండు వారాలు దాటినా రోజంతా మనసు మోడుబారి ఉండడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ కన్ను మూతపడకపోవడం, తిండి సహించకపోవడం, మోటరు వేయడానికి లేవాల్సిన మనిషి ముసుగు తీయకపోవడం, 'నేనుండి ఎవరికి లాభం' అనే మాట పదేపదే రావడం, ఇవన్నీ కలిసి కనిపిస్తే అది జబ్బే. ఆడవాళ్లలో ఇది ఒంటినొప్పులు, గుండెదడ, తలపోటు రూపంలో వస్తుంటుంది. పొలం పని చేసుకుని, మిగిలిన పొద్దు బీడీలు చుట్టే తల్లికి నీరసమని ఆరెంపీ దగ్గర సూది వేయించి, గ్లూకోజు ఎక్కించి ఇంటికి తెస్తాం. అసలు జబ్బు అట్లనే ఉంటుంది. దేశంలో ప్రతి 20 మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వస్తుందని బెంగళూరు నిమ్‌హాన్స్ వారు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో తేలింది.

ఇక కాలం లెక్క. డాక్టరు రాసేది ఫ్లుఒక్సెటిన్ కానీయండి, ఎస్సిటాలోప్రామ్ కానీయండి, తలనొప్పి గోలీలాగా గంటలో గుణమిచ్చేది కాదు. మొదటి వారం పది రోజుల్లో తెలిసేది చాలాసార్లు ఇబ్బందే. వికారం, తలనొప్పి, కొందరికి నిద్ర చెడడం. ఇవి చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. కానీ ఎంతోమంది మందు మానేసేది సరిగ్గా ఇక్కడే. రెండో వారానికీ నాలుగో వారానికీ మధ్య మార్పు మొదలవుతుంది. అదీ ముందు ఇంట్లోవాళ్ల కంటికి ఆనుతుంది, మనిషికి తర్వాత తెలుస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాలు సరిగా వాడినా ఫలితం లేకపోతే మోతాదు పెంచాలా, మందు మార్చాలా అనేది డాక్టరు చూస్తారు. మార్చినంత మాత్రాన జబ్బు ముదిరిందని హడలిపోవద్దు. అమెరికాలో 2006లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో మొదటి మందుతోనే పూర్తిగా తేరుకున్నవారు మూడింట ఒక వంతే. మిగతావారికి మందు మార్చడమో, ఇంకొకటి కలపడమో చేయాల్సి వచ్చింది. జబ్బు తేలికగా ఉంటే గోలీ లేకుండా, తర్ఫీదు ఉన్నవారితో కొన్ని వారాలు మాట్లాడించడంతోనే నయం కావచ్చు.

మనిషి తిరిగి మునుపటిలా పనిలో పడడానికి మూడు నుంచి ఆరు నెలలు పట్టవచ్చు. అంతటితో అయిపోలేదు. మంచిగైన తర్వాత కూడా తక్కువలో తక్కువ ఆరు నెలలు, చాలాసార్లు తొమ్మిది నెలలు, అదే మందు అదే మోతాదులో వాడాలి. కూడితే ఏడాది అటూ ఇటూ. ఈ వెనకటి నెలల సంగతే మనవాళ్లకు మింగుడుపడదు. పసుపు ఉడకబెట్టి, నాలుగు రోజులు ఎండబోసి, పైకి గట్టిపడింది గదా అని బస్తాలకెత్తితే లోపల ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఈ జబ్బూ అంతే, పైకి తగ్గినా లోపల పచ్చి ఉంటుంది. ఒకసారి వచ్చిన వారిలో సుమారు సగం మందికి మళ్లీ వస్తుంది. రెండోసారో మూడోసారో వచ్చినవారికి రెండేళ్లు, అంతకు మించి కూడా వాడమంటారు. మానేటప్పుడు కూడా డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లమెల్లగా తగ్గించాలి గానీ డబ్బా అవతల పారేయడం కాదు.

కల్లు మాట ఎత్తకుండా మన జిల్లాలో ఈ జబ్బు గురించి రాయడం దొంగ రాత అవుతుంది. చెట్టు కల్లు వేరు, కల్తీ కల్లు వేరు. కల్తీలో కలిపే ఆల్ప్రాజోలం, డైజిపాం మనసును మొద్దుబరిచే మత్తుమందులు. తాగిన రాత్రి బరువు దిగినట్టుంటుంది, తెల్లారితే రెట్టింపై కూర్చుంటుంది. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు వణుకుతో, మతి తప్పిన చేష్టలతో మనవాళ్లు ఎంతమంది దవాఖానల పాలయ్యారో గుర్తుండే ఉంటుంది. అందుకే అలవాటున్నవారు డాక్టరుకు దాచకుండా చెప్పాలి. ఒక్కసారిగా మానడం ప్రమాదం, తాగుతూ గోలీలు మింగడమూ ప్రమాదమే.

'అప్పు తీరితే రోగం అదే పోతుంది' అనే పెద్దమనుషులున్నారు. బోధన్ చుట్టుపక్కల ఈ మాటకు బలముంది, కాదనను. 1937లో పెట్టిన షక్కర్‌నగర్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు లెక్క తప్ప వేరే లెక్క ఎరగని ఇళ్లు వేరే పంటలకు మళ్లాల్సి వచ్చింది. ఇంత దెబ్బ తిన్నచోట మనసు కుంగడం వింత కాదు. గోలీ అప్పు తీర్చదు, ఫ్యాక్టరీ తెరిపించదు. కానీ జబ్బులో ఉన్న మనిషి బ్యాంకుకు పోయి మేనేజరుతో మాట్లాడలేడు, వాయిదా అడగలేడు, ఏ పంట వేయాలో తేల్చుకోలేడు. అప్పు ఉన్నా తేరుకున్న మనిషి ఈ పనులన్నీ చేయగలడు. అప్పు తీరేదాకా వైద్యం ఆపితే రెండూ తీరవు. అసలు అణా అప్పు లేని ఇంట్లో కూడా ఈ జబ్బు వస్తుందనేది మరవద్దు.

సాలూర దాటితే మహారాష్ట్ర. ఆ రాష్ట్రంలోనే విదర్భలో, రైతు చావులతో తల్లడిల్లిన అమరావతి జిల్లాలో, 30 ఊళ్లలో 'విశ్రామ్' పేరిట ఒక ప్రయత్నం జరిగింది. ఊరివాళ్లకే తర్ఫీదిచ్చి ఇల్లిల్లూ తిప్పారు, కుంగినవారితో మాట్లాడించారు, అవసరమైనవారిని డాక్టరు దగ్గరికి పంపారు. 2017లో ఫలితాలు వచ్చాయి. ఏడాదిన్నరలో, జబ్బున్నవారిలో వైద్యానికి వచ్చినవారు 100కు నలుగురి నుంచి 27 మందికి పెరిగారు. ఇదేమీ కోట్ల పని కాదు. మన ఆశా కార్యకర్తలతో మన మండలాల్లో ఎందుకు చేయించకూడదు?

ఆ ఏడాదీ ఇంట్లోవాళ్లు చేయాల్సింది చాలా ఉంది. 'జర ధైర్యం జేసుకో', 'నీకేం తక్కువైంది' అనే మాటలు మానండి. కాలు విరిగినవాడిని ఉరకమన్నట్టు ఉంటుంది. చిన్న పనికి వెంట తీసుకుపోండి, గోలీల లెక్క మీరు చూసుకోండి. మందు మొదలుపెట్టిన తొలి వారాలు జాగ్రత్త, మనసు ఇంకా తేలకముందే ఒంట్లోకి సత్తువ వస్తుంది. ఆ రోజుల్లో మనిషిని ఒంటరిగా వదలొద్దు, పురుగుమందు డబ్బాలు ఇంట్లో, కొట్టంలో ఉంచొద్దు. చావు మాట ఎత్తితే తిట్టకుండా, సముదాయించి వదిలేయకుండా, అదే రోజు దవాఖానకు తీసుకుపోండి. 14416కు ఏ వేళ ఫోన్ చేసినా టెలి మానస్ వారు పైసా ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడతారు.

మధ్యలో మానేయడం అంతా రైతు తప్పే అనడం కూడా అన్యాయం. కోటగిరి, రెంజల్ ఊళ్ల నుంచి నెలనెలా నిజామాబాద్ పోవాలంటే బస్సు చార్జీ ఒకటి, పోయిన కూలి ఒకటి. ఇట్లా ఏడాది తిరగాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలు పైస్థాయి సర్కారు దవాఖానలన్నింట్లో ఈ జబ్బులకు అత్యవసర జాబితాలోని మందులు ఎల్లవేళలా ఉచితంగా ఇవ్వాలి. మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా అవి రావాలని మనం అడగాలి. అప్పటిదాకా, నిజామాబాద్‌లో డాక్టరు రాసిన చీటీ పట్టుకుని బోధన్ సర్కారు దవాఖానలో నెల మందు అడగండి. లేదంటే ఏ మందు లేదో, ఎప్పుడు వస్తుందో చీటీ మీద రాసిమ్మనండి.