మీరేమిట్లు, మేడమ్?

మొన్న డిసెంబర్లో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో ఒకాయన నన్ను ఆపాడు. రెండు చేతుల్లో రెండు సంచులు, నిండా పుస్తకాలు. "మీరు పుస్తకాల మీద రాసేవన్నీ చదువుతానండీ" అన్నాడు. సంతోషం వేసింది. ఏది నచ్చిందో చెప్తాడు, లేదా ఫలానా నవలని అన్యాయంగా తిట్టావని దెబ్బలాడతాడు అనుకున్నాను.

"మీ పేరు ముందు ఏం లేదేంటండీ? ఇంటిపేరేంటి?" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను. ఏ ఊరు? గోదావరి వైపు అన్నాను. మీవారేం చేస్తారు? పిల్లలెంతమంది? చివర్లో, "ఇన్నేసి పుస్తకాలు చదువుతారు కదా, మరి వంటెవరు చేస్తారు?" అని తన జోకుకి తనే నవ్వాడు. అయిదు నిమిషాలు మాట్లాడుకున్నాం. అందులో ఒక్క పుస్తకం పేరు రాలేదు. ఆయన సంచుల్లో ఏమున్నాయో నేనూ అడగలేదనుకోండి.

ఆయనేం చెడ్డవాడు కాదు. అసలు ఇలాంటివాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. పదేళ్ళుగా నాకు మెయిళ్ళు రాసేవాళ్ళూ, అర్ధరాత్రి మెసేజ్ పెట్టేవాళ్ళూ, సభ అయ్యాక టీ దగ్గర పట్టుకునేవాళ్ళూ చాలావరకు మంచివాళ్ళే. నా గొడవంతా ఈ మంచివాళ్ళతోనే. చదివిన మనిషి గురించి తెలుసుకుంటే చదివిన పుస్తకం గురించి తెలిసిపోయినట్టే అని మనకో నమ్మకం పట్టుకుంది. తెలుగువాళ్ళలో ఇది మరీ ముదిరింది. చలం మీద సభ పెడితే ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. ఆయన ఎవరితో ఉన్నాడు, పిల్లల్ని ఎలా పెంచాడు, అరుణాచలం ఎందుకు వెళ్ళిపోయాడు. రెండు గంటలు గడిచిపోతాయి. ఆ వాక్యాన్ని అంత పొట్టిగా, అంత తడిగా ఎలా రాశాడన్న ముక్క ఎవరూ ఎత్తరు. చలం సంగతే అలా ఉంటే, ఆయన పుస్తకం చదివి నాలుగు మాటలు రాసుకునే నాలాంటిదాని గతేంటి?

ముందు వంట సంగతి తేల్చేస్తాను. పుస్తకాల మీద రాసే మగవాళ్ళు నాకు అరడజను మంది స్నేహితులున్నారు. వాళ్ళందర్నీ అడిగాను, మీ వంటెవరు చేస్తారని ఎవరైనా అడిగారా అని. ఒక్కరినీ అడగలేదు. "ఎంత చదువుతారండీ!" అని ఆశ్చర్యపోతారట, అంతే. మగవాడు చదివితే పాండిత్యం. ఆడది చదివితే ఏదో పని ఎగ్గొట్టి చదివినట్టు. ఈ ప్రశ్నకి నేను జవాబు చెప్పను. సరదాగా కూడా చెప్పను. చెప్పినప్పుడల్లా ఆ ప్రశ్న సబబే అని ఒప్పుకున్నట్టవుతుంది.

ఇక ఇంటిపేరు. మన భాషలో ఇంటిపేరు అడగడమంటే ఏమిటో మనందరికీ తెలుసు. సూటిగా "మీరేమిట్లు?" అని అడిగే పల్లెటూరి పెద్దాయనే నయం. చదువుకున్నవాళ్ళం కాబట్టి మనం ఇంటిపేరు మీంచి వెళ్తాం, ఊరి మీంచి వెళ్తాం, "మీ నాన్నగారు ఫలానా వాళ్ళకి చుట్టాలా?" అంటూ వెళ్తాం. ఏ దారిన వెళ్ళినా చేరేది అక్కడికే. ఇంటిపేరు దొరకదు కాబట్టి నా మీద రకరకాల ఊహలున్నాయి. ఒక పుస్తకాన్ని మెచ్చుకుంటే వాళ్ళ మనిషిని అంటారు, అదే వారం ఇంకోదాన్ని విమర్శిస్తే వీళ్ళ మనిషిని అంటారు. ఈ లెక్కన నేను ఇప్పటికి నాలుగు కులాల్లో పుట్టాను.

పేరు దాచుకోవడం సాహిత్యంలో కొత్తేం కాదు. ఆంధ్రజ్యోతి వీక్లీలో 'ఇల్లాలి ముచ్చట్లు' చెప్పిన పురాణం సీత అసలు పురాణం సుబ్రహ్మణ్యశర్మ. బీనాదేవి అనే పేరు వెనక ఉన్నది భార్యాభర్తలు. ఇటలీలో ఎలెనా ఫెరాంటే అనే పేరుతో రాసే మనిషి ఎవరో తేలుద్దామని 2016లో ఒక పాత్రికేయుడు ప్రచురణ సంస్థ చెల్లింపుల లెక్కలూ, ఇళ్ళ కొనుగోలు కాగితాలూ తవ్వాడు. ఏదో అవినీతి కేసులో తవ్వినట్టు తవ్వాడు. ఆయన ఒక పేరు ప్రకటించాక, నేపుల్స్ నవలలు నాలుగూ నేను మళ్ళీ తిరగేశాను. నాకు ఒక్క పేజీ కూడా అదనంగా అర్థం కాలేదు.

ఇక్కడిదాకా రాసి ఆపేస్తే చాలామంది చప్పట్లు కొడతారని నాకు తెలుసు. "కరెక్ట్‌గా చెప్పారు మేడమ్, ప్రైవసీ ముఖ్యం." ఆ చప్పట్లు నాకొద్దు. ఎందుకంటే ఒకసారి ఈ ప్రైవసీ అన్న మాట వెనక నేను దాక్కున్నాను, దాక్కోవడం తప్పని అప్పుడు తెలియలేదు.

కొన్నేళ్ళ కింద ఒక కథల పుస్తకం గురించి రాశాను. డెల్టాలో కౌలు రైతుల కథలు. ఒక కథలో తుఫానుకి సార్వా పంట మొత్తం పోతుంది. పెట్టుబడి పెట్టింది కౌలు రైతు, మునిగిందీ అతనే. పరిహారం మాత్రం కాగితం మీద పేరున్న ఆసామి ఖాతాలో పడుతుంది. ఆసామి ఆ డబ్బు ఉంచేసుకుంటాడు, పైగా ఆ ఏడు కౌలు బస్తాలు కూడా అడుగుతాడు. నేను ఏం రాశానంటే, ఆసామి పాత్ర మరీ సినిమా విలన్‌లా ఉంది, రచయిత కాస్త అతి చేశారు, మనుషులు ఇంత ఒంటి రంగులో ఉండరు అని. బాగా రాశానని కూడా అనుకున్నాను.

ఒకతను మెయిల్ రాశాడు. మూడే వాక్యాలు. మీరేమిట్లు? మీకు పొలం ఉందా? ఉంటే ఎవరు చేస్తున్నారు?

నాకు ఒళ్ళు మండింది. నా కులంతో, నా ఆస్తితో మీకు పని లేదు, పుస్తకం గురించి మాట్లాడండి అని ఘాటుగా జవాబిచ్చాను. అతను మళ్ళీ రాయలేదు. ఆ జవాబు నలుగురికి చూపించి మెప్పు పొందాను కూడా.

ఆ సంక్రాంతికి ఊరెళ్ళాను. భోగి రోజు పొద్దున్న నాన్న బ్యాంకు పుస్తకం చేతికిచ్చి లెక్క చూడమన్నారు, కళ్ళజోడు విరిగిందని. అందులో అంతకుముందు ఏడాది తుఫాను పరిహారం జమ అయి ఉంది. మా పొలం మేం చేసి నాకు ఊహ తెలిశాక చూడలేదు. తాతగారి కాలం నుంచీ కౌలుకే. "నాన్నా, ఇది ఆయనకివ్వలేదా?" అన్నాను. నాన్న నా వంక వింతగా చూశారు. "కాగితం మన పేరున ఉంది కదమ్మా" అన్నారు. కోపంగా కాదు, సిగ్గుపడుతూ కాదు. ఇవాళ పాలు రాలేదు అని చెప్పినట్టు చెప్పారు. మా నాన్న విలన్ కాదు. వీధికుక్కలకి అన్నం పెట్టే మనిషి. ఆ కథలో ఆసామి కూడా విలన్‌లా లేడని, నేనే అలా చదివానని, పుస్తకం తిరగేస్తే తెలిసింది. అతను కూడా మామూలుగానే మాట్లాడతాడు. అతనిలో నాకు కనబడ్డ అతి రచయితది కాదు, ఒప్పుకోవడానికి నా మనసు పడ్డ ఇబ్బంది.

ఆ మెయిల్ రాసినతను నన్ను అడిగింది, పుస్తక ప్రదర్శనలో పెద్దాయన అడిగింది, మాటల్లో చూస్తే ఒకటే ప్రశ్న. పెద్దాయన నన్ను ఎక్కడ కూర్చోబెట్టాలో తెలుసుకోవాలని అడిగాడు. ఇతను నేను ఎక్కడ కూర్చుని చదివానో తెలుసుకోవాలని అడిగాడు. దళిత కవిత్వం, స్త్రీవాద కవిత్వం ముప్పయ్యేళ్ళ కిందే మన విమర్శకుల్ని అడిగిన ప్రశ్న ఇదే. 'నీలిమేఘాలు' 1993లో వచ్చింది, 'చిక్కనవుతున్న పాట' 1995లో. ఆ చర్చలన్నీ చదివినదాన్నే, వాటిని సమర్థిస్తూ రాసినదాన్నే. ప్రశ్న నా గుమ్మంలోకి వచ్చేసరికి మాత్రం ప్రైవసీ అన్నాను.

పేరు లేకపోవడం విమర్శకి స్వేచ్ఛనిస్తుందని నేను చాలాకాలం నమ్మాను. లండన్ టైమ్స్ లిటరరీ సప్లిమెంట్ 1902లో మొదలైన దగ్గర్నుంచి 1974 దాకా సమీక్షల కింద పేర్లు వేయలేదు. వర్జీనియా వుల్ఫ్ అంతటి మనిషి అందులో పేరు లేకుండానే బోలెడు రాసింది. బాగానే ఉంది. కానీ అదే పద్ధతిలో స్నేహితుడి పుస్తకాన్ని ఎత్తేవాడికీ, పాత పగ తీర్చుకునేవాడికీ కూడా అంతే చాటు దొరుకుతుంది. సంపాదకుడిగా జాన్ గ్రాస్ వచ్చాక పేర్లు వేయడం మొదలుపెట్టారు. రాసినవాడు తన మాటకి తను పూచీ పడాలని వాదన. నాకిప్పుడు ఆ వాదనే సబబనిపిస్తోంది.

మరి అన్నీ చెప్పెయ్యొచ్చు కదా, దాచడం ఎందుకు అంటారు. అదీ చేసి చూశాను.

ఒక నవలలో విడాకుల ఘట్టం ఉంది. కోర్టు కిక్కిరిసి ఉంటుంది, నాయిక బోనులో నిలబడి రెండు పేజీలు ఉపన్యసిస్తుంది, జడ్జి కళ్ళజోడు తీసి తుడుచుకుని అప్పటికప్పుడు విడాకులిచ్చేస్తాడు. ఇది అబద్ధం అని రాయాలి. నీకెలా తెలుసు అంటారు. అందుకని ఒక్క వాక్యం రాశాను, ఫ్యామిలీ కోర్టు బెంచీ మీద నేనూ కూర్చున్నాను అని. అక్కడ ఉపన్యాసాలుండవని, పరస్పర అంగీకారంతో వెళ్ళినా మామూలుగా ఆర్నెల్లు ఆగి మళ్ళీ రమ్మంటారని, ఆరోజు జడ్జి సెలవైతే ఇంకో వాయిదా పడుతుందని, బయట బంట్రోతు మీ పేరు తప్పుగా పిలుస్తాడని, లోపల పని మూడు నిమిషాల్లో అయిపోతుందని, ఆ మూడు నిమిషాల వెలితే అసలు కథ అని రాశాను. ఆ వ్యాసంలో మొత్తం పన్నెండు పేరాలుంటే, పదకొండు నవల గురించే.

అందరికీ ఆ ఒక్క వాక్యమే కనబడింది. వారం రోజులు ఫోను మోగుతూనే ఉంది. "అయ్యో, తెలీదమ్మా." "ధైర్యంగా చెప్పావక్కా." నవల ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. ఆ తర్వాత ఏ ప్రేమకథ నచ్చలేదన్నా, "పాపం, ఆవిడ అనుభవం అలాంటిది" అన్నారు. ఒక సభలో నన్ను పరిచయం చేస్తూ ఒకాయన "జీవితంలో దెబ్బలు తిని అక్షరాన్ని నమ్ముకున్న సోదరి" అన్నారు. నేను అక్షరాన్ని నమ్ముకుంది ఏడో తరగతిలో, దెబ్బలేం తినకుండానే. నా తీర్పు తప్పని నాతో వాదించడం మానేశారు, జాలిపడటం మొదలుపెట్టారు. వాదించేవాళ్ళు పోతే రాసేవాళ్ళకి మిగిలేదేముంది?

ఇందులో నా పాపం కూడా ఉంది. ఆ వ్యాసానికి వచ్చినంత మంది అంతకుముందు దేనికీ రాలేదు. రుచి తగిలింది. తర్వాత రెండు మూడు వ్యాసాల్లో అక్కర్లేకపోయినా నా గురించి ఒక పేరా పెట్టాను. అమ్మ ఆపరేషన్, అద్దె ఇంట్లో చెదలు పట్టిన అలమర, కిటికీ పక్కన పుస్తకంతో పాటు కాఫీ గ్లాసు ఫోటో. అనువాద నవల గురించి రాస్తూ, అమ్మ ఐసీయూ బయట చదివానని మొదలుపెట్టాను. అది నిజమే. కానీ ఆ నిజానికీ ఆ నవలకీ ఏ సంబంధమూ లేదు. అనువాదంలో వాక్యాలు ఎక్కడ కుంటుతున్నాయో చెప్పే ఓపిక లేక అమ్మని ముందు నిలబెట్టాను. అమ్మకి ఎలా ఉందని వందమంది అడిగారు. బాగానే ఉంది, థాంక్యూ. ఆ అనువాదం బాగోలేదని మాత్రం ఎవరికీ తెలియలేదు.

కాబట్టి ఇకమీదట నా లెక్క ఇది. ఒక పుస్తకం మీద నా తీర్పుని వంచగలిగేది నా జీవితంలో ఏదున్నా, అడక్కుండానే చెప్తాను. పుస్తకం కొన్నానా, రచయిత పంపారా చెప్తాను. సగంలో వదిలేస్తే ఎన్నో పేజీలో వదిలేశానో చెప్తాను. పొలం గురించిన పుస్తకమైతే నా పొలం సంగతి చెప్తాను. కులం గురించిన పుస్తకమైతే, ఆ పుస్తకం నన్ను ఎక్కడ నిలబెట్టి మాట్లాడుతోందో కూడా చెప్తాను. మిగతాది మీది కాదు. ఏది వంచుతుందో నిర్ణయించేది నేనేనా అంటే, అక్కడే చిక్కు ఉంది. కౌలు కథల విషయంలో నా వంకర నాకు కనబడలేదు, మూడు వాక్యాల మెయిల్ రాసినతనికి కనబడింది. అలాంటి మెయిళ్ళు రాయండి. మొరటుగా రాసినా ఫర్వాలేదు. అతనికి ఆలస్యంగా క్షమాపణ రాశాను, జవాబు రాలేదు. ఆ సమీక్ష పైన నాలుగు లైన్లు చేర్చాను, మాకున్నది ఎన్ని ఎకరాలో, దాన్ని ఎవరు చేస్తున్నారో. నాన్న ఆ డబ్బు ఇచ్చారా అని అడగబోతున్నారేమో. సగం ఇచ్చారు. మిగతా సగం గురించి మా ఇంట్లో ఇంకా మాటల్లేవు.

వచ్చే నెల ఒక కొత్త కథల సంపుటి గురించి రాస్తున్నాను. రచయిత్రి నాకు పన్నెండేళ్ళుగా స్నేహితురాలు. పుస్తకం తనే పంపింది, లోపల "నా మొదటి పాఠకురాలికి" అని రాసి మరీ. వాళ్ళ పెళ్ళికి వెళ్ళాను, పులిహోర బాగుంది. కథలు అయిదోదాని దాకా బాగున్నాయి.