శిక్ష పడిన పిదప

1993 మార్చి 8న చిలకలూరిపేట చేరువలో దోపిడికి పూనుకొన్న ఇద్దరు యువకులు బస్సులో పెట్రోలు చల్లి నిప్పంటించగా 23 మంది ప్రయాణికులు ఆహుతియైరి. పత్తి, మిరప పండు ఆ సీమ దుఃఖమునకు పరిహారము లేదు.

1995లో గుంటూరు సెషన్సు న్యాయస్థానము వారికి మరణశిక్ష విధించెను. హైకోర్టు దానిని ధ్రువపరచెను. 1996లో సుప్రీంకోర్టు అప్పీలును త్రోసివేసెను. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్షను నిరాకరించిరి. 1997 మార్చిలో ఉరికి వేళ సమీపించగా సుప్రీంకోర్టు ఆపుదల చేసెను. మరల మొర పెట్టుకొనగా 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ శిక్షను యావజ్జీవ కారాగారముగా మార్చిరి.

దోషుల మొర ఇన్నిమార్లు ఆలకించుట మృతులకు అపచారము కాదా అని కొందరందురు. ఆ ఆవేదన న్యాయమైనదే. కాని ఆ ఇరువురు నిర్దోషులని ఎవరును చెప్పలేదు; మారినది శిక్ష మాత్రమే. చెరసాల తలుపు మరల తెరువవచ్చును. పోయిన ప్రాణమును మరల తేలేము. కనుకనే హైకోర్టు ధ్రువపరచనిదే సెషన్సు కోర్టు విధించిన ఉరి అమలు కారాదని చట్టము నియమించినది. రాజ్యాంగము 72వ అధికరణమున రాష్ట్రపతికి క్షమాధికారమొసగినది.

బడిలో తప్పుచేసిన బాలుని మాటయు విని దండించు ఉపాధ్యాయునకు ఈ ధర్మము క్రొత్తది కాదు. నేరము రుజువైనను మొర వినిపించు హక్కు నశింపదు. ఆ మొర వినుట దోషిపై జాలి కాదు, న్యాయము తనను తాను పరీక్షించుకొనుట.