గర్భస్రావ మాత్రలు పోస్టులో పంపడంపై బార్డోలీ తెలుగు మహిళల సభ తీర్మానం

సూరత్ జిల్లా బార్డోలీలోనూ, దగ్గర్లోని కడోదరా, పల్సాణా మిల్లు వాడల్లోనూ కాపురాలుంటున్న తెలుగు మహిళలం సభగా కూడి, గర్భస్రావ మాత్రలను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పోస్టులో, కొరియర్‌లో పంపడంపై సాగుతున్న వాదాన్ని చర్చించి, ఈ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించాం.

సభ గమనించిన విషయాలు

1. అమెరికాలో 2022 జూన్ 24న అక్కడి సుప్రీంకోర్టు గర్భస్రావానికి రాజ్యాంగ రక్షణ తీసేసింది. అప్పటి నుంచి న్యూయార్క్ డాక్టరు రాసిన మాత్ర టెక్సాస్‌కు చేరితే ఒక రాష్ట్రం చట్టబద్ధమంటోంది, మరొకటి కేసు పెడుతోంది. టెక్సాస్‌లో వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. ఆ వాదం మన ఆడపిల్లల వాదం కూడా.

2. మన దేశంలో ఆ చిక్కు లేదు. 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న వైద్యపర గర్భస్రావ చట్టం బార్డోలీకీ కరీంనగర్‌కూ ఒక్కటే. 2021 సవరణ ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. ఆ ఏడాది అక్టోబరులో సవరించిన నియమాలు మాత్రలు వాడే గడువును ఏడు వారాల నుంచి తొమ్మిది వారాలకు పెంచాయి. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ సమ్మతి ఉంటే చాలు. భర్త సంతకాన్ని చట్టం అడగదు. ఆమె వివరాలు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. పెళ్లికాని స్త్రీని వేరుగా చూడరాదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తేల్చింది.

3. చట్టం ఒక్కటే అయినా వలస వచ్చిన స్త్రీకి డాక్టరు దూరమే. తొమ్మిది వారాలను చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. నెల తప్పిందని గ్రహించేసరికే నాలుగైదు వారాలు గడిచిపోతాయి. మిగిలిన ఆ కొద్ది వారాల్లో గుజరాతీ రాని స్త్రీ ఆసుపత్రి వెతుక్కోవాలి, కూలి వదులుకోవాలి, ఇంట్లో సమాధానం చెప్పుకోవాలి. అందుకే పుట్టింటి నుంచి వచ్చే పార్సిల్ వైపు, డాక్టరు చీటీ అడగని దుకాణం వైపు చూడాల్సి వస్తోంది.

4. 2015లో దేశంలో సుమారు 1.56 కోట్ల గర్భస్రావాలు జరిగాయని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. వాటిలో 73 శాతం ఆసుపత్రుల బయట మాత్రలతో జరిగినవే. ఆ అధ్యయనానికి సర్వే జరిగిన ఆరు రాష్ట్రాల్లో గుజరాత్ ఒకటి. మాత్రను అడ్డుకుంటే అవసరం ఆగదు. తప్పిపోయేది డాక్టరు సలహా, మందు నాణ్యతకు హామీ మాత్రమే.

5. సరైన సమయంలో, సరైన మోతాదులో వాడితే ఈ మాత్రలు సురక్షితం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 నుంచే వీటిని అత్యావశ్యక మందుల జాబితాలో ఉంచింది. సరైన సమాచారం, అవసరమైతే వైద్యసాయం అందేచోట తొలి 12 వారాల్లో ఇంటి దగ్గరే వాడుకోవచ్చని 2022లో చెప్పింది. అయితే గర్భం గర్భసంచి బయట, ట్యూబులో నిలిచినప్పుడు ఈ మాత్రలు పనిచేయవు. ఆ సంగతి తెలియకపోతే ప్రాణానికే ముప్పు. సలహా లేని పార్సిల్‌లో ఉన్న ప్రమాదం అదే.

6. లింగనిర్ధారణ కేసులకు భయపడి కొందరు దుకాణదారులు ఈ మాత్రలు ఉంచడమే మానేస్తున్నారు. తొమ్మిది వారాల లోపు స్కానింగ్‌లో ఆడా మగా తేలదు. ఆడపిల్లల ప్రాణాలు తీసేది ఈ మాత్ర కాదు, చట్టవిరుద్ధమైన స్కానింగ్.

సభ తీర్మానాలు

1. అర్హత గల డాక్టరు సలహాతో, లైసెన్సున్న దుకాణం నుంచి, వాడే విధం తెలిపే కాగితంతో పోస్టులో వచ్చే మాత్రను ఈ సభ సమర్థిస్తోంది. డాక్టరు లేకుండా, లైసెన్సు లేకుండా సాగే అమ్మకాన్ని వ్యతిరేకిస్తోంది.

2. ఫోనులో డాక్టరు సలహా తీసుకుని మాత్రలు పొందే పద్ధతిని నియమాల్లో స్పష్టంగా రాయాలని, 2018 ఆగస్టులో ముసాయిదా వెలువడిన ఆన్‌లైన్ మందుల అమ్మకం నియమాలకు తుదిరూపం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వాన్ని కోరుతోంది.

3. భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్ స్వయంగా గర్భస్రావం చేసుకున్న స్త్రీని కూడా శిక్షార్హురాలిగా చూస్తోంది. స్త్రీని ఆ సెక్షన్ నుంచి తప్పించాలని, రక్తస్రావంతో ఆసుపత్రికి వచ్చిన ఎవరినీ ముందు పోలీసు ప్రశ్నలకు గురిచేయరాదని కోరుతోంది.

4. 1928లో ఈ తాలూకా రైతులు 22 శాతం శిస్తు పెంపును ఎదిరించారు. ప్రభుత్వం నియమించిన అధికారులు బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ ఊరూరా తిరిగి విచారించాక అది 6.03 శాతానికి తగ్గింది. అటువంటి విచారణే ఇప్పుడూ జరగాలి. సూరత్ జిల్లాలో ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ మాత్రలున్నాయో, ఎక్కడ అర్హులైన డాక్టర్లున్నారో గుజరాత్ ప్రభుత్వం ఆసుపత్రివారీగా పరిశీలించి, ఆ వివరాలు ప్రజల ముందుంచాలి.

5. వలస కుటుంబాల పేర్లు ఆశా కార్యకర్తల జాబితాల్లో చేర్చాలని, మిల్లు వాడల ఆరోగ్య కేంద్రాల్లో తెలుగు, ఒడియా, హిందీ, మరాఠీ కరపత్రాలు ఉంచాలని గుజరాత్ ప్రభుత్వాన్ని కోరుతోంది. పరాయి రాష్ట్రాల్లో ఉన్న తమ ఆడపడుచులకు తెలుగులో సలహా ఇచ్చే డాక్టర్లను ఫోనులో అందుబాటులో ఉంచాలని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలను కోరుతోంది.

6. లింగనిర్ధారణను నిషేధించిన 1994 చట్టాన్ని కఠినంగా అమలు చేయాలని, ఆ పేరుతో లైసెన్సున్న దుకాణాలను, చీటీతో వచ్చిన స్త్రీలను వేధించడం ఆపాలని కోరుతోంది.

7. కోరడంతో మన బాధ్యత తీరదు గనుక, ప్రతి వాడలోనూ ఆసుపత్రికి తోడు వెళ్లే ఇద్దరు సభ్యులను నియమిస్తోంది. వారు వెంట వెళ్లిన స్త్రీ పేరు సభకు కూడా చెప్పరు. మాత్రలు వాడాక వరుసగా రెండు గంటల పాటు గంటకు రెండు ప్యాడ్లు తడిసినా, తగ్గని జ్వరం వచ్చినా, కడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి పుట్టినా, కళ్లు తిరిగి పడిపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలని ఇంటింటికీ చెబుతారు.

8. ఈ తీర్మానం ప్రతులను కేంద్ర ఆరోగ్యశాఖకు, గుజరాత్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య మంత్రులకు, సూరత్ జిల్లా కలెక్టరుకు, బార్డోలీ ప్రభుత్వ ఆసుపత్రికి పంపాలని, వచ్చిన జవాబులను తదుపరి సభలో చదివి వినిపించాలని, జవాబు రాని కార్యాలయానికి సభ్యులే స్వయంగా వెళ్లాలని నిర్ణయిస్తోంది.