షుగరు తెలిసింది, తరువాతేమిటి?

హైదరాబాద్‌లో 2018లో బస్తీ దవాఖానాలు వచ్చాక షుగరు, బీపీ పరీక్షలు మన గడప దగ్గరికొచ్చాయి. పరగడుపున 126 దాటి, రెండోసారీ అంతే వస్తే మధుమేహమే. కష్టమంతా ఆ తరువాతే. కాస్త నెమ్మదించగానే మాత్రలు మానేస్తాం. ఇక రంజాన్‌లో చెప్పనే అక్కర్లేదు. సహరీలో రెండు పూటల మాత్రలూ ఒకేసారి మింగి అసర్ వేళకు సొమ్మసిల్లినవాళ్లను మనం చూడలేదా? వేలి నుంచి చుక్క రక్తం తీస్తే రోజా భంగమవుతుందని పరీక్షకు జంకుతాం. కాదని ఉలమాలు చెబుతూనే ఉన్నారు. చక్కెర 70 కంటే తగ్గితే రోజా విరమించాల్సిందేనంటారు వైద్యులు. వ్యాధిగ్రస్తులు ఆ లెక్కను తరువాతి రోజుల్లో పూర్తిచేసుకోవచ్చని దివ్య ఖురాన్ (2:184) వెసులుబాటు ఇచ్చింది. దాన్ని వాడుకున్నవారిని వింతగా చూసే మన ఇరుగుపొరుగే అసలు చిక్కు. రజబ్‌లోనే డాక్టరును కలిస్తే మాత్రల మోతాదు, వేళలు మార్చి రాస్తారు. నెలవంక కనబడ్డ రాత్రి పరుగెత్తితే ఆయన మాత్రం ఏం చేయగలరు?