ఏ క్లౌడ్ చవక? ముందు బిల్లు చదవడం నేర్చుకోండి

రెజ్యూమెలో ‘క్లౌడ్ డేటాబేస్‌తో ప్రాజెక్టు చేశాను’ అని రాసుకున్నారు. బాగుంది. ‘దాన్ని నడపడానికి నెలకు ఎంతవుతుంది?’ అని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్తారు? ‘ఫ్రీ టియర్‌లో చేశాం సర్’ అంటే మాట అక్కడితో ఆగిపోతుంది. ‘ఏడబ్ల్యూఎస్ చవక సర్’ అంటే, ‘దేనికంటే? ఎందుకు?’ అని వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. చాలామంది తడబడేది అక్కడే.

అమీర్‌పేటలో హాస్టల్ వెతికేటప్పుడు బోర్డు మీద ఫీజు చూసి చేరిపోరు కదా! భోజనం కలిపా, విడిగానా? కరెంటు బిల్లు ఎవరు కట్టాలి? వెళ్లేటప్పుడు అడ్వాన్సులో ఎంత కోస్తారు? అన్నీ అడుగుతారు. డేటాబేస్ అద్దె కూడా అంతే. గంటకు ఇంత అని కనిపించేది బిల్లులో ఒక్క పద్దు మాత్రమే. స్టోరేజీ, బ్యాకప్పులు, బయటకు వెళ్లే డేటా, మీద 18 శాతం జీఎస్టీ... ఇవన్నీ తర్వాత వచ్చి కూర్చుంటాయి.

చిన్న లెక్క వేద్దాం. గంటకు 2 సెంట్లు అనుకోండి. నెలకు 730 గంటలు. అంటే 14.60 డాలర్లు. ‘ఇంతేనా’ అనిపిస్తుంది. ఒక డేటా సెంటర్ ఆగిపోయినా పని నడవాలంటే రెండో చోట ఇంకో కాపీ ఉంచాలి. అప్పుడు ఆ అంకె దాదాపు రెట్టింపు. ఏడబ్ల్యూఎస్‌లో పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకు 2024 ఫిబ్రవరి నుంచి గంటకు అర సెంటు తీసుకుంటున్నారు. అది నెలకు మరో 3.65 డాలర్లు.

పోల్చడంలో ఇంకో చిక్కుంది. ఏడబ్ల్యూఎస్ ఆర్‌డీఎస్‌లో ప్రాసెసర్, మెమరీ కలిపి ఒకే ధర. గూగుల్ క్లౌడ్ ఎస్‌క్యూఎల్‌లో రెండింటికీ విడివిడి ధరలుంటాయి. ఒకరి చిన్న సైజును ఇంకొకరి పెద్ద సైజుతో పోల్చి ‘ఇది చవక’ అంటే ఆ లెక్క నిలవదు. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం పనికిరాదు.

‘ఆపేస్తే బిల్లు రాదులే’ అనుకోవద్దు. ఆర్‌డీఎస్‌లో డేటాబేస్‌ను ఆపినా స్టోరేజీకి డబ్బు పడుతూనే ఉంటుంది. పైగా ఏడు రోజుల తర్వాత అది దానంతట అదే మళ్లీ మొదలవుతుంది. సెమిస్టర్ సెలవులకు ఊరెళ్లి మర్చిపోతే కార్డు మీద బిల్లు పడుతుంది. బడ్జెట్ అలర్ట్ పెట్టుకోవడం మంచిదే, కానీ అది హెచ్చరిస్తుంది తప్ప దానంతట అది దేన్నీ ఆపదు. పనైపోతే డేటా దాచుకుని, డేటాబేస్‌ను డిలీట్ చేయడమే క్షేమం.

సీనియర్ చెప్పిన ‘ఏడాది ఫ్రీ’ మాటనూ సరిచూసుకోండి. 2025 జులై 15 నుంచి తెరిచిన ఏడబ్ల్యూఎస్ ఖాతాలకు క్రెడిట్ల పద్ధతి వచ్చింది. ఫ్రీ ప్లాన్ ఆర్నెల్లే.

మరి సొంతంగా సర్వర్ అద్దెకు తీసుకుని అందులో పోస్ట్‌గ్రెస్ వేసుకుంటే? బిల్లు తగ్గుతుంది, నిజమే. కానీ బ్యాకప్, అప్‌డేట్, అర్ధరాత్రి డిస్కు నిండితే లేచి చూసుకోవడం... అన్నీ మీ పనే. పది మంది వాడే కాలేజీ ప్రాజెక్టుకు అది చాలు. డబ్బు లావాదేవీలు నడిచే యాప్‌కు ఆ పొదుపు ఒక్క రాత్రిలో ఆవిరైపోవచ్చు. కంపెనీ మీ నుంచి వినాలనుకునేది ఈ బేరీజునే.

ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. ఏడబ్ల్యూఎస్, అజూర్, గూగుల్ మూడింటికీ సొంత ధరల క్యాలిక్యులేటర్లున్నాయి. పోస్ట్‌గ్రెస్, 2 వీసీపీయూలు, 8 జీబీ మెమరీ, 100 జీబీ స్టోరేజీ అని మూడు చోట్లా ఒకే కొలత ఇవ్వండి. ప్రాంతంగా ముంబైని ఎంచుకోండి, అజూర్‌లో పుణేలోని సెంట్రల్ ఇండియా చూడండి. ముందు ఒక్క కాపీకి, తర్వాత రెండు కాపీలకు లెక్క తీయండి. తేదీ వేసి కాగితం మీద రాసుకోండి, ధరలు మారుతుంటాయి.

ఆ కాగితం ఉంటే ‘ఏది చవక’ అన్న ప్రశ్నకు మీరు తడుముకోరు. ‘ఏ పనికి సర్?’ అని అడిగి, అంకెలతో జవాబిస్తారు. సర్టిఫికెట్లు అందరి దగ్గరా ఉంటాయి. లెక్క చూపగలిగేవాళ్లు తక్కువ. ఆ తక్కువమందిలో మీరుండండి.